ఎడమచేతి బొటనవేలి ముద్ర

ఆ రోజు కుప్పంలో సంత. రైల్వే స్టేషనుకు దగ్గరలో ఉన్న బడిలో మా మిషన్ ఆసుపత్రి వాళ్లం వైద్య శిబిరం పెట్టాం. మదనపల్లె నుంచి దొరసాని డాక్టరమ్మ, కాంపౌండరు, నేను వ్యానులో వచ్చాం. స్వాతంత్ర్యం వచ్చి ఇంకా ఏడాది కాలేదు. నాకు అప్పుడు ఇరవై ఆరేళ్లు. నర్సు ఉద్యోగంలో చేరి అయిదేళ్లయింది.

కళ్లకలక వచ్చిన చిన్న ఆడపిల్లను చంకనేసుకొని ఒక ఆడమనిషి వరుసలో నిలబడింది. తన వంతు వచ్చినా బిడ్డను చూపించకుండా నా ముఖంలోకే చూస్తూ ఉంది.

"నన్ను మరిచిపోయినావా నర్సమ్మా? మా ఆయన్ను మీ ఆసుపత్రిలోనే కోసినారు. కడుపు."

ముందు గుర్తు రాలేదు. ఆసుపత్రిలో ఎన్ని కడుపులు కోస్తారో! "గోడలకు కాయితం సుక్కలు అంటిస్తా ఉంటిరి మీరు" అంది ఆమె. దాంతో అంతా కళ్లముందుకు వచ్చింది. ముందు సంవత్సరం కాదు, అంతకు ముందు సంవత్సరం, క్రిస్మస్‌కు వారం ముందు. వార్డులో రంగు కాగితాల నక్షత్రాలు అతికిస్తుంటే పుంగనూరు పక్క పల్లె నుంచి ఎద్దులబండిలో ఒక రైతును తెచ్చారు. పేగు మెలిపడింది. ఆపరేషను చేశాం. నాలుగు రోజులు బతికి, అయిదో రోజు ఉదయం పోయాడు. ఆ నాలుగు రోజులూ ఈమె మంచం పక్కన నేల మీద కూర్చొని అతని పాదం పట్టుకొనే ఉంది.

"ఇప్పుడు యాడ ఉండావమ్మా?" అని అడిగాను.

"గుడుపల్లె పక్కన, మా అమ్మగారింట్లో. మా బావ పంపించేసినాడు."

బావ అంటే ఆమె పెనిమిటికి అన్న. అన్నదమ్ములిద్దరిదీ ఉమ్మడి సేద్యం. పెనిమిటి పోయాక ఏడాదిపాటు ఈమె అదే ఇంట్లో ఉండి వాళ్ల పొలంలోనే పని చేసింది. ఈమె తమ్ముడు కుప్పం స్టేషనులో కూలి. అక్కడ స్టేషను మాస్టరు పేపరు చదువుతూ, మొగుడు పోయిన ఆడవాళ్లకు ఇకమీదట సేద్యపు భూమిలో కూడా భాగం ఉంటుందని మద్రాసులో చట్టం చేశారని పైకి చెప్పాడట. తమ్ముడు ఆ మాట మోసుకొచ్చాడు. ఈమె వెళ్లి బావను అడిగింది.

"అడిగితే ఏమన్యాడు?"

"ఆ సట్టం రాకముందే నీ మొగుడు సచ్చిపోయినాడు, నీకు అంటదు అన్యాడు. కార్తీక మాసంలో ఇంట్లోనే పోయినాడంట. ఊరి మునసబు రాసే సావుల పుస్తకంలో అట్లే రాసుండాదంట." ఆమె గొంతు పెరిగింది. "నా మొగుడు యాపొద్దు సచ్చిపోయినాడో నాకు తెలీదా నర్సమ్మా? నీకు తెలీదా?"

నాకు తెలుసు! ఆ మనిషి కళ్లు మూసింది నా చేతులతోనే. "మా రిజిస్టరులో ఉంటుందమ్మా. తేదీతో సహా ఉంటుంది" అన్నాను. శిబిరం ముగిసేదాకా నా చేతులు మందులు ఇస్తున్నాయి గానీ మనసు మదనపల్లె రికార్డుల గదిలో ఉంది.

మదనపల్లెలో నాకు తెలిసిన వకీలు ఒకాయన ఉండేవాడు. ఆయన కూతురి కాన్పు నేనే చేశాను. యాభై దాటిన మనిషి. కొత్త చట్టం ఏదొచ్చినా కొత్త పంచె కట్టుకున్నంత సంబరం ఆయనకు. మద్రాసు గెజెట్టు కాగితాలు దారంతో కుట్టి దాచుకునేవాడు. నేను చెప్పింది విని, కుర్చీలోంచి లేచి, గెజెట్టు కుట్టులో వేలుపెట్టి వెతికాడు.

"ఇదిగో. ఆడవాళ్లకు హక్కు ఇచ్చే చట్టం పదేండ్ల కిందటే వచ్చిందమ్మా. కానీ అది సేద్యపు భూమికి చెల్లదని ఢిల్లీ కోర్టు తేల్చేసింది. మన పల్లెల్లో భూమి తప్ప ఇంకేముండాది? ఇప్పుడు మద్రాసు వాళ్లు భూమిని కూడా కలిపినారు. అదీ నలభై ఆరు నవంబరు ఆఖరు నుంచి చెల్లేటట్టు."

"ఆయన పోయింది డిసెంబరులో!" అన్నాను.

"అందుకే ఆ బావ కార్తీకం అంటాండాడు. కార్తీకమైతే నవంబరు ఆఖరుకు ముందే అయిపోయింది. ఒక్క నెల వెనక్కి జరిపితే భూమంతా ఆయనదే." ఆయన కళ్లద్దాలు తీసి నా వైపు చూశాడు. "పోయి నీ రిజిస్టరు సూడమ్మా. ఈ తాలూకాలో ఈ చట్టం కింద ఇదే మొదటి దావా అవుతుందేమో!"

పరుగులాంటి నడకతో ఆసుపత్రికి వచ్చాను. రిజిస్టరు తీశాను. డిసెంబరు పేజీలో తేదీ ఉంది, పేగు జబ్బు అని ఉంది, పోయిన రోజు ఉంది. కానీ శిబిరంలో ఆమె తన తమ్ముడి చేత చెప్పించిన పట్టా పేరు కాదు, వేరే పేరు ఉంది.

ఎందుకో వెంటనే తెలిసింది. ఆ రోజు పేరు అడిగితే ఈమె తల వంచుకుంది. పెనిమిటి పేరు నోటితో చెప్పకూడదు కదా. రోగి నొప్పితో మెలికలు తిరుగుతున్నాడు. బండి తోలినాయన తనకు తెలిసిన వాడుకపేరు చెప్పాడు. అదే రాసుకున్నాం. పట్టాలో పేరు ఒకటి, మా పుస్తకంలో పేరు ఇంకొకటి.

వకీలాయన ఆ కాపీ చూసి పెదవి విరిచాడు. "ఇది చాలదమ్మా. ఈ పేరుగలవాడు వేరే మనిషి అంటారు. ఊళ్లోవాళ్లు బావకు ఎదురు సాక్ష్యం చెప్పరు. నువ్వు చెప్పినా, రోజుకు వందమందిని చూసే నర్సుకు ఒక మొహం ఎట్లా గుర్తుంటుందని అడుగుతారు."

మూడో రోజు ఉదయం ఆపరేషను గదిలో ఒక ముసలాయన చేత ఒప్పుదల కాగితం మీద వేలిముద్ర వేయిస్తున్నాను. సిరా అంటిన ఆ బొటనవేలు చూడగానే గుర్తొచ్చింది. ఆ రైతు చేత కూడా నేనే వేయించాను! అంత నొప్పిలోనూ అతను నవ్వి ఒక మాట అన్నాడు. "ఈ యేలు పెట్టే పుంగనూరులో బూమి కొన్న్యాను నర్సమ్మా. ఇప్పుడు దీన్నే పెట్టి కడుపు కోయించుకుంటాండా."

పేరు మారినా వేలు మారదు కదా!

ఆ మధ్యాహ్నం డాక్టరమ్మ దగ్గరికి వెళ్లి సంగతంతా చెప్పాను. ఆమెకు తెలుగు బాగానే వచ్చు. "కాగితం దొరికితే కోర్టు చేతికే ఇస్తాం, వేరే ఎవరికీ కాదు" అని స్టోరు గది తాళంచెవి ఇచ్చింది. నేనూ, వంటశాల అవ్వా వెళ్లి వెతికాం. రేకుపెట్టెలు తొమ్మిది. కాగితాలు సంవత్సరం వారీగా కట్టలు కట్టి ఉండాలి, కానీ లేవు. యుద్ధకాలంలో కాగితం కరువై వెనక వైపు కూడా వాడాం. ఒక పెట్టె అడుగున చెదలు పట్టింది. అది తెరవగానే నా ప్రాణం పోయినంత పనైంది. దులుపుతూ, దగ్గుతూ, ఒక్కో కాగితం వెలుతురులో పెట్టి చూస్తూ పోయాం.

ఆరో పెట్టెలో దొరికింది. వాడుకపేరు, తేదీ, కింద సాక్షిగా నా సంతకం, దాని పక్కన నల్లగా బొటనవేలి ముద్ర. ముద్ర మధ్యలో అడ్డంగా ఒక తెల్లటి గీత ఉంది, కొడవలి కోసుకున్న పాత గాయంలా. అవ్వను గట్టిగా వాటేసుకున్నాను. "ఏమైందే పిచ్చిదానా!" అంటూ ఆమె కూడా నవ్వింది.

ఇక పుంగనూరు. అది మా సొంత ఊరే. మా నాన్న అక్కడి మిషన్ బడిలో పంతులుగా పనిచేసి పోయాడు. అమ్మ అంతకు ముందే పోయింది. మా అన్న అదే ఇంట్లో సంసారంతో ఉండేవాడు. గుడుపల్లెకు కబురు పంపి ఆమెను పిలిపించాను. ఇద్దరం బస్సు దిగి నేరుగా సబ్‌రిజిస్ట్రారు ఆఫీసుకు పోయాం. వకీలాయన రాసిచ్చిన అర్జీ నా చేతిలో ఉంది. దస్తావేజు రాసిన సంవత్సరం ఆమెకు తెలియదు గానీ ఒక గుర్తు ఉంది.

"నా బిడ్డ కడుపులో ఉన్నప్పుడు. ఎండాకాలం."

అక్కడి ముసలి గుమాస్తా చేత్తో నెలలు లెక్కపెట్టి, ఒక లావుపాటి పుస్తకం దించాడు. దస్తావేజు రాయించిన ప్రతివాడి వేలిముద్రా ఆఫీసులో వేరే పుస్తకంలో కూడా వేయించుకుంటారని ఆయన చెప్పేదాకా నాకు తెలియదు. పేజీలు తిరగేస్తున్నాడు. ఒకచోట ఆగి పట్టాలో ఉన్న పేరు చదివాడు. ఆమె తల దించుకొని "ఊ" అంది.

నేను వంగి చూశాను. అదే గీత. ముద్ర మధ్యలో అడ్డంగా, తెల్లగా.

"ఇదే! ఇదే!" అని అరిచేశాను. ఆఫీసులో అందరూ కలాలు ఆపారు. గుమాస్తా "మెల్లగా తల్లీ" అంటూనే తానూ కళ్లు చిట్లించి చూశాడు. ఆమె ఆ పేజీని తాకబోయి, తాకవచ్చో లేదో అని చేయి వెనక్కి తీసుకుంది.

"తాకమ్మా" అన్నాడు గుమాస్తా. "సిరా ఎప్పుడో ఆరిపోయింది."

ఆమె వేలికొసతో ఆ ముద్రను తాకింది.

మదనపల్లె జిల్లా మునసబు కోర్టులో దావా పడింది. నాకు సమన్లు వచ్చిన రోజు ఆసుపత్రిలో అదొక పండగైపోయింది. కొందరు భయపెట్టారు, కొందరు ఏ చీర కట్టుకోవాలో చెప్పారు. నేను ఇస్త్రీ చేసిన నర్సు బట్టల్లోనే వెళ్లాను. బోనులో నిలబడి దేవుని ఎదుట నిజమే చెబుతానని ప్రమాణం చేశాను. అవతలి వకీలు పొడవాటి మనిషి, చాలా మర్యాదగా మాట్లాడాడు. ఆ మర్యాదకే నాకు ఎక్కువ భయమేసింది.

"మీ వార్డులో ఏడాదికి ఎంతమంది పోతుంటారమ్మా?"

"చాలామంది."

"వాళ్లందరి మొహాలూ గుర్తున్నాయా?"

"లేవు."

"మరి ఈ ఒక్కడిదే గుర్తుందా?"

"మొహం నాకు సరిగ్గా గుర్తులేదు" అన్నాను. కోర్టులో కలకలం రేగింది. మా వకీలాయన తల పట్టుకున్నాడు. "ఆయన భార్య మొహం గుర్తుంది. నాలుగు రోజులు ఆయన పాదం వదల్లేదు. ఆయన మాట గుర్తుంది. ఈ వేలితోనే పుంగనూరులో భూమి కొన్నానని నాతో అన్నాడు. ఆ మాట పట్టుకునే మేము పుంగనూరు పోయినాం. దస్తావేజు దొరికింది. ఆయన ఆ మాట అనకపోతే నాకెట్లా తెలుస్తుంది?"

ఆ పొడుగాటి వకీలు ఇంకో ప్రశ్న వేయబోయి, కాగితాలు చూసుకొని, కూర్చున్నాడు. జడ్జి మునసబుగారు ఒప్పుదల కాగితాన్నీ, వేలిముద్రల పుస్తకాన్నీ మద్రాసులో ముద్రలు పోల్చే నిపుణుడి దగ్గరికి పంపమని ఉత్తర్వు ఇచ్చారు. బయటికి వచ్చాక మెట్ల మీదే కూర్చుండిపోయాను. అయినా లోపల ఏదో గంతులేస్తూనే ఉంది.

రిపోర్టు కోసం నెలల తరబడి కాచుకున్నాం. ఈలోగా నాకొక కొత్త పని తగులుకుంది. కోర్టుకు పోయి వచ్చిన నర్సమ్మ అని పేరుపడింది కదా, సూది పొడవబోతే చేయి చాపుతూనే ప్రశ్న అడిగేవాళ్లు. పెద్దమండ్యం నుంచి వచ్చిన ఒక రైతు జమీందారీ తీసేస్తే పట్టా దున్నేవాడి పేరిట వస్తుందా అన్నాడు. బాలింత ఒకామె, మొగుడు రెండో పెళ్లి చేసుకున్నాడు, నేను వేరుగా ఉంటే వాడు నన్ను పోషించాలా వద్దా అని అడిగింది. మా వంటశాల అవ్వకే ఒక తగువు. అద్దెకిచ్చిన ఇంటాయన ఉన్నట్టుండి ఖాళీ చేయమంటాండాడని. నేను అన్నీ ఒక నోటుపుస్తకంలో రాసుకొని ఆదివారం ఆరాధన అయ్యాక వకీలాయన అరుగెక్కేదాన్ని. రెండో పెళ్లి చేసుకున్నవాడు మొదటి భార్యను వేరుగా ఉంచి పోషించక తప్పదని కొత్త చట్టం ఉందట. ఇంటాయన చెప్పిన మాట మీద కాదు, అధికారి ఉత్తర్వు ఉంటేనే ఖాళీ చేయాలట. జమీందారీ సంగతి మాత్రం "ఆగమను, వస్తాంది" అనేవాడు. ఈ జవాబులు మోసుకొని వార్డులోకి వెళ్తుంటే, మంచి మందు చేతిలో పట్టుకొని వెళ్తున్నట్టే ఉండేది నాకు.

ఒక ఆదివారం ప్రశ్నలన్నీ అయ్యాక పుస్తకం మూస్తూ ఊరికే అడిగాను. "ఈ చట్టంలో మాబోటి ఆడవాళ్లకు ఏమైనా ఉందా సార్? మా నాన్న ఇల్లు మా అన్నదే కదా?"

ఆయన వింతగా చూశాడు. "వీలునామా రాసినాడా మీ నాన్న?"

"లేదు."

"మీ కిరస్తానీలకు వారసత్వ చట్టం వేరే ఉండాది కదమ్మా. కొడుక్కు ఎంతో కూతురికీ అంతే. ఇంట్లో సగం నీది."

"ఎప్పటి నుంచి? ఇదీ కొత్తదేనా?"

"నువ్వు పుట్టకముందు నుంచి!"

నాకు నవ్వొచ్చింది, ఆపుకోలేనంత నవ్వు. ఊరందరి హక్కుల కోసం పుస్తకం పట్టుకొని తిరుగుతున్నాను. నాది ఎన్నేళ్లుగానో నా పక్కనే ఉంటే, ఒక్కరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

రిపోర్టు వచ్చింది. రెండు ముద్రలూ ఒకే మనిషివి అని తేల్చారు. తీర్పు చదివిన రోజు కోర్టు వరండాలో నిలబడే చోటు లేదు. ఉమ్మడి భూమిలో పెనిమిటికి రావలసిన సగం ఆమెకు చెందుతుందన్నారు. ఆమె బతికున్నంతకాలం అనుభవించవచ్చు, తనకు తోచినట్టు అమ్ముకోవడానికి మాత్రం లేదన్నారు. వకీలాయన అది విడమరిచి చెబితే ఆమె ముఖం చిట్లించింది.

"మొగోనికైతే ఇట్లే సెప్తారా సామీ?"

"చెప్పరమ్మా. అది మార్చే చట్టం ఇంకా రాలేదు. వస్తుంది."

"వస్తే నాకు సెప్పి పంపండి" అంది ఆమె, చాలా గంభీరంగా.

బావ కొంచెం దూరంలో స్తంభానికి ఆనుకొని ఉన్నాడు. ఎర్రబడిన కళ్లతో నా దగ్గరికి వచ్చాడు. తిడతాడనుకున్నాను. "నాకు నలుగురు బిడ్డలు నర్సమ్మా. ఉన్న బూమే సాలదు. అదొక్కటే ఆలోచన సేసినా" అన్నాడు. ఆమె వచ్చి మా మధ్య నిలబడింది. "బాయి నీళ్లు పంచుకుందాం బావా. వారంలో మూడు దినాలు నాకు సాలు" అంది. ఆయన తల ఊపాడు. కోర్టు పంపిన అమీను వచ్చి భూమిని గొలుసుతో కొలిచి హద్దురాళ్లు పాతిన రోజు నాకు సెలవు దొరకలేదు. ఆ ఏడు ఆమె తన చేతిలోకి వచ్చిన చేనులో వేరుశనగ వేసిందనీ, కాయ బాగా దిగిందనీ కబురొచ్చింది.

నేను నా సెలవు వేరే పనికి దాచుకున్నాను. పుంగనూరు పోయి, భోజనాలయ్యాక మా అన్నతో చెప్పాను. ఆయన నవ్వాడు.

"ఏమి మే, కోర్టుకు పోయి వచ్చినాక తల తిరిగినట్టుండాదే!"

"తిరగలేదన్నా. చట్టం అట్లా ఉండాది. ఇల్లు ఖాళీ చేయమని అడగలేదు. నాకూ భాగం ఉండాదని ఒప్పుకోమంటాండాను."

ఆయన చటుక్కున లేచి పాస్టరుగారి ఇంటికి పోయాడు. నేను గడపలో కూర్చొని కాచుకున్నాను. వదిన వచ్చి పక్కన కూర్చుంది. గొంతు తగ్గించి, "అట్లయితే మా నాయన ఇంట్లో నాకూ ఉంటుందా?" అంది. ఉంటుంది వదినా అన్నాను. ఆమె చేతిలోని చాట అట్లే కింద పెట్టేసింది.

అన్న పొద్దు వాలాక వచ్చాడు. పాస్టరుగారు నిజమేనన్నారట. మర్నాడు పొద్దున్నే చొక్కా తొడుక్కొని పంచాయతీ ఆఫీసుకు నడిచాడు. నేను వెనకే నడిచాను. అక్కడి గుమాస్తా ముందు నిలబడి గొంతు సవరించుకొని, "ఇంటిపన్ను పుస్తకంలో ఇంకో పేరు చేర్చాలప్పా" అన్నాడు. గుమాస్తా ఎవరిదని అడిగాడు. అన్న నా పేరు చెప్పాడు. అది రాయడానికి గుమాస్తాకు అరనిమిషం పట్టి ఉంటుంది. నేను ఆ కలం వైపే చూశాను.